విజ్ఞానచిత్రములు: బాలురకు, యువజనులకు, పెద్దలకు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



 పండితులును, అనుభవజ్ఞులును పెక్కండ్రు కూడియున్న యీ సభలో, పిల్లల చదువునందు శ్రద్ధగల యొక సామాన్యునిగా నాకు తోచినదానిని మీ యెదుట నుంచెదను. దోషములున్న మన్నించి గుణమును గ్రహింప ప్రార్థించుచున్నాను.

మన విద్యార్థి వసతిగృహమునకు పెద్ద తెఱ యొకటి కొని, దానిపై విజ్ఞానశాస్త్ర సంబంధములైన వీడియోలను చూపించు నేర్పాటు చేయవలెనను ప్రతిపాదన నేటి సభ ముందున్నది. దాతలు కొందఱు ముందుకు వచ్చియున్నారు. ఇది మిక్కిలి సంతోషింపదగిన విషయము. అయినను తెఱను గోడకు బిగించినంతమాత్రమున విద్య లోపలికి వచ్చునా? ఈ ప్రశ్నను విచారింపకయే ధనము వ్యయపెట్టుదుమేని, బిడ్డలకు విద్య నిచ్చితిమను తృప్తి మనకు మిగులును. విద్య మాత్రము వారికి దక్కకపోవచ్చును. చిత్రమునకు ముందు ప్రశ్న యుండవలెను. చిత్రమునకు పిమ్మట చేతిపని యుండవలెను. ఈ రెంటి నడుమ నుంచినపుడే చిత్రము విద్యాసాధనమగును. నేను విన్నవింపదలచిన దింతియే. తక్కినదంతయు దీనికి నిదర్శనము.

చలనచిత్రమును మనము వినోదముగానే యెఱుగుదుము. కాని దాని పుట్టుకలోనే యొక శాస్త్రప్రశ్న యున్నది. గుఱ్ఱము దౌడుతీయునపుడు నాలుగు కాళ్లును ఏకకాలమున నేలను విడుచునా, విడువదా యను వివాదము మనుష్యుల కంటికి తేలినది కాదు. 1878వ సంవత్సరమున అమెరికాలోని కాలిఫోర్నియాయందు ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అను ఛాయాచిత్రకారుడు బాటవెంట 12 కెమెరాలను వరుసగా నిలిపి, గుఱ్ఱము పోవుచుండగా దాని యొక్కొక్క భంగిమను వేఱువేఱుగా పట్టెను. నాలుగు కాళ్లును నేలను విడుచుట నిజమేయని తేలినది. అంతకన్న విశేషమేమనగా, చిత్రకారులు వ్రాయుచుండినట్లు కాళ్లు ముందునకును వెనుకకును చాచియున్నపుడు గాక, పొట్టక్రిందికి ముడుచుకొన్నపుడే అట్లగుచున్నదని బయటపడెను. అతివేగముగా జరుగుదానిని నిలిపి చూపుట యిట్లు ఆరంభమైనది.

అతిమందముగా జరుగుదానిని వేగపఱచి చూపుట తరువాత వచ్చినది. ఇంగ్లండునందు పెర్సీ స్మిత్ అను నతడు 1910లో పుష్పజననమను అర్థమిచ్చు పేరుతో నొక చిన్నచిత్రమును నిర్మించెను. మొగ్గ విచ్చుటను ఎడము విడిచి యెడము విడిచి ఛాయాచిత్రములుగా తీసి, వానినన్నిటిని వరుసగా త్రిప్పగా, గంటలకొలది జరుగు వికాసము కొలది క్షణములలో కన్నులకు గట్టెను. గులాబీలును లిల్లీలును ప్రేక్షకుల యెదుట ప్రాణముగల జంతువులవలె కదలినవి. మన కంటికి అందని కాలమును కంటికి అందించుట చలనచిత్రమునకు గల సహజశక్తి. నల్లబల్లయు సుద్దముక్కయు చేయలేని పని యిది. కావున వీడియోలను నిరసించుట నా యుద్దేశము కాదు.

ఇక వయస్సునుబట్టి విచారింతము. ముందుగా శిశువుల మాట. అన్నము తినిపించుటకై చేతికి ఫోనునిచ్చు అలవాటు నేడు పల్లెలలోను ప్రబలినది. అందు చూపునది విజ్ఞానచిత్రమైనచో దోషము లేదని కొందఱు తలిదండ్రు లూరడిల్లుచున్నారు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2019లో ప్రకటించిన సూచనలయందు, రెండేండ్లు నిండని బిడ్డలకు తెఱ చూపుట తగదనియు, రెండు మొదలు నాలుగేండ్ల వయస్సువారికి దినమునకు ఒక గంటకు మించరాదనియు, అంతకన్న తగ్గినకొలది మేలనియు స్పష్టముగా నున్నది. ఆ వయస్సున చెంబులోని నీరు గిన్నెలో పోసికొనుటయే శాస్త్రము. అవ్వ చెప్పు కథయే చలనచిత్రము.

బడికి పోవు బాలుర సంగతి వేఱు. వారికి చూచిన ప్రతిదానిని చేయవలెనని చేతులు ఉవ్విళ్లూరుచుండును. ఆ చేతులను కట్టివేసి కన్నులనుమాత్రము తెఱచి కూర్చుండబెట్టుట వారి స్వభావమునకు విరుద్ధము. లండను నగరమందలి రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అను సంస్థయందు 1825 మొదలు క్రిస్మసు దినములలో బాలబాలికలకొఱకు శాస్త్రోపన్యాసములు జరుగుచున్నవి; ప్రపంచయుద్ధకాలమున కొన్నియేండ్లు ఆగినను మరల సాగినవి. 1966 మొదలు టెలివిజనునందును వానిని చూపుచున్నారు. వీనిని 19 మాఱులు నడపిన మైకేల్ ఫారడే కమ్మరి కుమారుడు. బాల్యమున పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున పని నేర్చుకొన్నవాడు. కళాశాల మెట్లెక్కని యా మహనీయుడు విద్యుచ్ఛాస్త్రమునకు పునాదులు వేసెను. అట్టివాడు బాలురకు బోధించుటకై యెన్నుకొనిన వస్తువేది? ఒక క్రొవ్వువత్తి!

క్రొవ్వువత్తిని ఊది యార్పుడు. తెల్లని పొగ లేచును. వెలుగుచున్న అగ్గిపుల్లను వత్తికి తగిలింపక, కొంచెము ఎడముగా ఆ పొగకు చూపుడు. మంట పొగవెంట క్రిందికి దుమికి వత్తిని మరల వెలిగించును. మండునది గట్టి మైనము కాదనియు, అది కరగి ఆవిరియైన పిమ్మటనే మండుచున్నదనియు ఎనిమిదేండ్ల పిల్లవానికిని బోధపడును. పెద్దలు ప్రక్కనుండి చేయింపవలసిన ప్రయోగ మిది. ముందుగా, "పుల్ల వత్తికి తగులకున్నను వత్తి వెలుగునా?" అని యడుగుడు. కొందఱు వెలుగుననియు, కొందఱు వెలుగదనియు వాదులాడుకొందురు. ఆ వాదము రగిలిన పిమ్మట చూపిన చిత్రమును ఒక్కడును కునుకుచు చూడడు.

మన దేశమున ఈ మార్గమును మిక్కిలి నేర్పుతో త్రొక్కినవారు శ్రీ అరవింద గుప్త గారు. కాన్పూరు ఐ.ఐ.టి. యందు చదివిన యీ మహాశయుడు పారవేయు వస్తువులతోనే శాస్త్రమును బోధించు ఆటబొమ్మలను కల్పించెను. పూనానగరమందలి బాలవిజ్ఞానకేంద్రమున పనిచేయుచు, ఆ బొమ్మలను చేయు విధమును చూపు చిన్నచిన్న వీడియోలను నిర్మింపజేసి, తెలుగుతోసహా అనేక భారతీయభాషలలో అందఱికిని ఉచితముగా నిచ్చెను. 2018లో ప్రభుత్వము వారు పద్మశ్రీ బిరుదముతో సత్కరించిరి. శీతలపానీయము త్రాగు గొట్టమును తీసికొని, ఒక కొన నొక్కి, రెండంచులను ఏటవాలుగా కత్తిరించి, ఆ కొనను పెదవులనడుమ నుంచి ఊదినచో సన్నాయివలె మ్రోగును. ఊదుచునే రెండవ కొనను కత్తెరతో తునుకలుగా కోయుచుపోగా, గొట్టము కురుచయైనకొలది స్వరము హెచ్చును. లోపలి గాలిస్తంభము కురుచయగుటయే దానికి కారణము. ఈ చిత్రమును చూచిన పిల్లవాడు ఊరకుండడు. గొట్టమునకై వంటయింటిలోనికి పరుగిడును. బాలురకు మంచి విజ్ఞానచిత్రమనగా నిదియే. చూచినవానిని కుర్చీనుండి లేపవలెను.

ఇక పదుమూడు మొదలు పందొమ్మిదేండ్ల యువజనుల సంగతి. వీరియందు గల కష్టము అజ్ఞానము కాదు, తెలిసినదను భ్రమ. ఈ విషయమై యొక ముఖ్యమైన పరిశోధనను మీకు విన్నవించెదను. ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయమున డెరెక్ ముల్లర్ అను యువకుడు భౌతికశాస్త్రబోధనకు వీడియో లెట్లుండవలెనను విషయముపై పరిశోధించి 2008లో డాక్టరేటు పొందెను. విద్యార్థులలో కొందఱకు చలనసూత్రములను సుస్పష్టముగా, తప్పులు లేకుండ వివరించు వీడియోను చూపిరి. వేఱు కొందఱకు, సామాన్యముగా జనులు పొరబడు తీరును ముందుగా చూపి, పిమ్మట దానిని సవరించు సంభాషణరూపమైన వీడియోను చూపిరి. మొదటి వీడియోను చూచినవారు చాల తేటగానున్నదని మెచ్చుకొనిరి. కాని పరీక్షలో వారి మార్కులు ఇంచుమించు పెరుగలేదు. రెండవదానిని చూచినవారు కలవరపడితిమనిరి. కాని వారే హెచ్చుగా నేర్చుకొనిరి.

దీనికి కారణమేమి? ఒక బంతిని నిట్టనిలువుగా పైకి విసరితిమనుకొనుడు. చేయి విడిచిన పిమ్మట ఆ బంతిపై పనిచేయు బలమేది? చేతిబలము బంతిలో నిలిచి దానిని పైకి త్రోయుచున్నదనియు, అది తఱిగిపోగానే బంతి క్రిందికి దిగుచున్నదనియు పలువురు చెప్పుదురు. నిజమునకు, గాలియొక్క స్వల్పనిరోధమును విడిచినచో, పైకి పోవునపుడును, శిఖరమునందును, దిగునపుడును భూమ్యాకర్షణ యొక్కటియే క్రిందికి లాగుచున్నది. బంతి పైకి పోవుట విడుచునప్పటి వేగముచేతనే. ఆ వేగమును ఆకర్షణ క్రమముగా హరించుచున్నది. ఈ సంగతిని తేటగా చెప్పు వీడియోను చూచు విద్యార్థి, "అవును, నాకిది తెలియును" అనుకొని తలయూచుచు, తన పాతనమ్మకమును తనలోనే భద్రముగా దాచుకొని లేచిపోవును. తన తప్పును ముందుగా తన నోటితో చెప్పించినపుడే దానికిని నిజమునకును గల భేదము వానికి కనబడును. ముల్లర్ గారు పిమ్మట వెరిటాసియమ్ అను పేరుతో స్థాపించిన వీడియోశాల లోకప్రసిద్ధమైనది. బాటసారులను ప్రశ్నించి, వారి తప్పుసమాధానములను ముందుగా చూపుట అందు పలుమాఱులు కనబడును.

ఈ పద్ధతికి తగిన చిత్రము నొకదానిని చెప్పెదను. 1971 ఆగష్టు 2వ తేదీన అపోలో 15 యాత్రికుడగు డేవిడ్ స్కాట్ చంద్రునిపై నిలిచి, ఒక చేత సుత్తెను, ఒక చేత డేగ యీకను పట్టుకొని, రెంటిని ఒక్కమాఱు విడిచెను. సుత్తె 1.32 కిలోగ్రాములు, ఈక 30 గ్రాములు. గాలి లేనిచోట రెండును ఒక్కమాఱే నేలను తాకినవి. నిమిషమునకు మించని యీ చిత్రమును చూపుటకు ముందు, ఏది ముందు పడునో ప్రతివిద్యార్థిచేతను కాగితముపై వ్రాయింపవలెను. చూపిన పిమ్మట ఒక పుస్తకమును, దానికన్న చిన్నదగు కాగితమును చెఱియొక చేతినుండి విడువుమనవలెను, కాగితము వెనుకబడును. తరువాత కాగితమును పుస్తకముపై నుంచి విడువుమనవలెను. రెండును కలిసి పడును. గాలికి అడ్డముగా పుస్తక మున్నందున కాగితమునకు నిరోధము తప్పినది. చంద్రునిపై జరిగిన ప్రయోగము మన వసతిగృహపు వసారాలో జరిగినట్లే!

చిత్రము దీర్ఘముగా నుండవలెననియు నియమము లేదు. చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అను దంపతులు 1977లో నిర్మించిన "పవర్స్ ఆఫ్ టెన్" అను చిత్రము తొమ్మిది నిమిషములది. చికాగోనగరపు తోటలో పండుకొనిన మనుష్యునినుండి పదింతలు పదింతలుగా దూరము పెంచుచు నక్షత్రమండలములను దాటి, మరల వెనుకకు వచ్చి, ఆ మనుష్యుని చేతిచర్మములోనికి దిగి పరమాణుగర్భమువఱకు చూపును. 2014లో ప్రకటితమైన యొక పరిశోధనయందు, ఎడెక్స్ అను అంతర్జాల విద్యాసంస్థలోని పాఠములకు సంబంధించిన 69 లక్షల వీక్షణములను లెక్కించి, ఆఱు నిమిషములకు లోబడిన వీడియోలయందే విద్యార్థుల శ్రద్ధ బాగుగా నిలుచుచున్నదని తేల్చిరి. కావున గంటలకొలది చూపుట ఘనతయని మన మెన్నరాదు.

మూడవవారు పెద్దలు, అనగా మనమే. పిల్లల మాటలు చెప్పుకొనుచు మనల మనము మఱచుట పరిపాటి. గ్రహణము వచ్చిన ప్రతిమాఱును పళ్ళెములో నీరు పోసి రోకలిని నిలుపుటయు, గ్రహణశక్తిచేతనే అది నిలిచినదని వీడియోలు తీసి ఊరూరికి పంపుటయు మన మెఱిగినదే. చదువుకొన్నవారును వానిని ఇతరులకు పంపుచున్నారు. దీనిని పరిహసించుటవలన ఫలము లేదు, పరీక్షించిన ఫలమున్నది. గ్రహణము లేని యొక సాధారణదినమున ఆ రోకలినే, ఆ పళ్ళెములోనే, నెమ్మదిగా నిలిపిచూడుడు. అడుగు సమముగానున్న రోకలి నిలుచును. దాని గరిమనాభి అడుగుభాగపు పరిధికి సరిగా పైనున్నంతసేపు అది పడదు. సూర్యచంద్రు లొకే దిక్కున నుండుట కారణమందుమా, ప్రతి యమావాస్యనాడును వా రించుమించుగా నట్లే యుందురు. మిట్టమధ్యాహ్నము ముంగిట రోకలిని నిలిపి చూపిన తాతగారు, మనుమనికి పది వీడియోలు నేర్పలేని పాఠమును నేర్పినవారగుదురు: దేనినైనను గ్రహణము ఉన్ననాడును లేనినాడును పోల్చి చూడనిదే నమ్మరాదు.

పెద్దలకు విజ్ఞానమును దృశ్యరూపమున నందించు ప్రయత్నము మన దేశమున క్రొత్తది కాదు. 1975 ఆగష్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు, అమెరికావారి ఎ.టి.ఎస్.-6 ఉపగ్రహము నెరవు తీసికొని, మన అంతరిక్షపరిశోధన సంస్థవారు ఆఱు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములను పంపిరి. అందు మన ఆంధ్రప్రదేశ మొకటి. ఉదయమున బడిపిల్లలకు, సాయంకాలమున గ్రామస్థులందఱకును కార్యక్రమములు నడచినవి. సేద్యము, ఆరోగ్యము మొదలగు విషయములు తెలుగున వినబడినవి. ఊరి కంతకు నొకటే టెలివిజను పెట్టె. దాని యెదుట ఊరంతయు కూర్చుండెడివారు. నేడు మనిషికొక తెఱ వచ్చినది, ప్రక్కవానితో "ఇది నిజమా?" అని యడుగు అవకాశము పోయినది. ఆ ప్రయత్నమునకు సారథ్యము వహించిన ఆచార్య యశ్‌పాల్ గారు, పిమ్మట దూరదర్శనునందు "టర్నింగ్ పాయింట్" అను కార్యక్రమమున ప్రేక్షకులు పంపిన ప్రశ్నలకు సమాధానములు చెప్పుచు దేశమంతట ఆప్తులైరి. అడిగినవారు సామాన్యులు, అడిగినవి సామాన్యప్రశ్నలు, దానివలననే ఆ కార్యక్రమమునకు గౌరవము కలిగినది.

మహాశయులారా! పై విషయములనుబట్టి తెఱకొఱకు మన మిచ్చు ధనముతోపాటు ఈ క్రింది నియమములను గూడ ఆమోదింపవలసినదిగా మనవి చేయుచున్నాను.

మొదటిది: వారమునకొక సాయంకాలము, ఒక్క చిత్రమే, పది నిమిషములకు మించనిది. చిత్రమునకు ముందు ప్రశ్నయు, వ్రాతపూర్వకమైన ఊహయు తప్పనిసరి.

రెండవది: ప్రతి చిత్రమునకును ఒక చేతిపని. దానికి కావలసిన దారము, బుడగలు, అయస్కాంతములు, భూతద్దములు, గొట్టములు మొదలగువానితో నొక పెట్టె నుంచవలెను. తెఱ మూల్యములో దాని వ్యయము బహుస్వల్పము. ప్రయోజనము మాత్రము దానికి తీసిపోదు.

మూడవది: చిత్రమును ఆపి ప్రశ్నించు మనిషి యొకరు కావలెను. మనలో ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయులు, ఉపాధ్యాయినులు కలరు. తెఱను ఇచ్చు దాత ఒక్కమాఱు ఇచ్చును. వీరు వారమువారము తమ కాలము నీయవలెను. వీరిని నేను తెఱ నిచ్చినవారికన్న గొప్పదాతలుగా నెన్నుదును.

నాలుగవది: ఆంగ్లమున నున్న మంచిచిత్రములకు పైతరగతి విద్యార్థులచేత తెలుగున వ్యాఖ్యానము చెప్పింపవలెను. తన మాటలలో మఱియొకరికి చెప్పబూనినపుడుగాని తనకు తెలియనిదేదో విద్యార్థికి తెలియదు. తల్లులును వచ్చి కూర్చుండి వినగలిగినది తెలుగుననే.

ఐదవది: బాలికలకు ముందువరుస. అగ్గిపుల్లయు, సుత్తెయు, తీగెయు వారి చేతి కీయవలెను. "నీవు చూచుచుండుము, తమ్ముడు చేయును" అను మాట ఆ గదిలో వినబడరాదు.

ఆఱవది: ఆ సాయంకాలమున తలుపు తెఱచియుండవలెను. వీధిలోని యే యింటి బిడ్డ వచ్చినను, ఏ కులమువాడని యడుగక చాపమీద చోటీయవలెను. గురుత్వాకర్షణ మనుష్యులలో భేదమెంచదు. మన మెంచుట తగదు.

పోషకమహాశయులకు తుదిగా నొక్కమాట. 1840వ సంవత్సరమున విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు తమ స్వంతధనముతో ఖగోళవేధశాలను స్థాపించిరి. 1874 డిశంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబముమీదుగా దాటినపుడు, ఆయన యల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు అచటినుండియే దానిని పరిశీలించిరి. ఆ సంక్రమణమునే క్షణక్షణము ఛాయాచిత్రములుగా పట్టుటకై ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు జాన్సెన్ తుపాకివలె తిరుగు నొక యంత్రమును కల్పించి, దానితో జపానునకు పోయెను. నేటి చలనచిత్రయంత్రమునకు పూర్వరూపములలో నదియు నొకటి. లోకము చలనచిత్రమునకు ఓనమాలు దిద్దుచున్ననాడే, తెలుగువాడొకడు తన యూరినుండి దూరదర్శినిలో తన కంటితో ఆకాశమును చూచుచుండెను. దాత యిచ్చినది దూరదర్శిని. దానికి సార్థకత కలిగించినది రాత్రులు మేల్కొని చూచిన మనుష్యుడు.

అట్లే మీ రిచ్చు తెఱకును ఒక మనిషి తోడు కావలెను. ఈ సభ ముగియులోపల తెఱకు చందా వ్రాసినవారి పట్టికతోపాటు, వారమునకొక సాయంకాలము ఇత్తుమని పేరు వ్రాయువారి పట్టిక గూడ నొకటి తయారగునుగాక యని కోరుచున్నాను.